నేరం ఒకరిది.. కాలేది మసీదు, చర్చి, గుడి

2024 జులై 29న ఇంగ్లండ్‌లోని సౌత్‌పోర్ట్ పట్టణంలో ఘోరం జరిగింది. సెలవుల్లో డ్యాన్స్ క్లాసుకు వచ్చిన చిన్నపిల్లల మీద 17 ఏళ్ల కుర్రాడు కత్తితో దాడి చేశాడు. ముగ్గురు ఆడపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. నిందితుడు మైనర్ కావడంతో పోలీసులు పేరు చెప్పలేదు. ఆ సందులో సోషల్ మీడియా దూరింది. ముస్లిం పేరులా వినిపించే ఒక పేరును ఎవరో పుట్టించారు. పడవలో వచ్చిన శరణార్థి అని ప్రచారం చేశారు. కొన్ని గంటల్లోనే అది ఫోన్ల నిండా తిరిగింది.

మర్నాడు సాయంత్రం ఒక గుంపు ఆ ఊళ్లోని మసీదు మీదికి వచ్చింది. ఇటుకలు, సీసాలు విసిరారు. పోలీసు వ్యాన్‌కు నిప్పుపెట్టారు. లోపల ఇమాం, మరికొందరు గంటల తరబడి బయటికి రాలేక ఉండిపోయారు. 50 మందికి పైగా పోలీసులు గాయపడ్డారు.

చివరికి తేలింది ఏంటి? ప్రచారంలో ఉన్న పేరే అబద్ధం. ఆ కుర్రాడు బ్రిటన్‌లోనే, కార్డిఫ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు రువాండా నుంచి వచ్చినవాళ్లు. అతని దగ్గర అల్‌ఖైదా శిక్షణ పుస్తకం దొరికిన మాట నిజమే. కానీ హింస మీద పిచ్చి తప్ప అతన్ని నడిపించిన భావజాలం ఏదీ కనబడలేదని ప్రాసిక్యూషన్ కోర్టుకు చెప్పింది. సౌత్‌పోర్ట్ మసీదుకు, ఆ హత్యలకు ఎలాంటి సంబంధమూ లేదు. అయినా రాళ్లు పడింది మసీదు మీదే.

ఈ వార్త చదివినప్పుడు ఏ ముస్లిం కుటుంబానికైనా మనసు కలుక్కుమంటుంది. "ఎవడో చేసినదానికి మన మసీదు మీద పడటమేంటి?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అయితే అదే ప్రశ్న దాదాపు ఏడాది ముందు పాకిస్తాన్‌లోని క్రైస్తవులు అడిగారు. అప్పుడు గుంపులో ఉన్నది ముస్లింలు.

జరాన్‌వాలాలో ఏం జరిగింది?

2023 ఆగస్టు 16. పంజాబ్ రాష్ట్రం, ఫైసలాబాద్ జిల్లాలోని జరాన్‌వాలా. చిరిగిన ఖుర్ఆన్ పేజీలు, వాటి మీద అవమానకరమైన రాతలు దొరికాయని ఉదయం వార్త పుట్టింది. ఇద్దరు క్రైస్తవ అన్నదమ్ముల పేర్లు బయటికొచ్చాయి. మసీదుల మైకుల్లోంచి పిలుపులు వెళ్లాయి. అజాన్ ఇచ్చే మైకు గుంపును పోగుచేసే మైకు అయింది. సాయంత్రానికల్లా 20కి పైగా చర్చిలు, 80కి పైగా ఇళ్లు కాలిపోయాయి, లేదా లూటీ అయ్యాయి. బైబిళ్లు మంటల్లో పడ్డాయి. జనం పిల్లాపాపలతో చెరుకు తోటల్లో తలదాచుకున్నారు.

ఆ తర్వాత దర్యాప్తు జరిగింది. వ్యక్తిగత కక్షతో ఆ అన్నదమ్ములను ఇరికించారని పోలీసులు తేల్చారు. 2024లో ఫైసలాబాద్ ఉగ్రవాద నిరోధక కోర్టు ఇద్దరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. అంటే, ఎవరో పగ తీర్చుకోవడానికి ఖుర్ఆన్‌ను వాడుకున్నారు. ఖుర్ఆన్ గౌరవం కోసమని బయల్దేరిన గుంపు ఆ పగకు కూలీ లేని పనివాళ్లయింది.

సౌత్‌పోర్ట్, జరాన్‌వాలా. దేశాలు వేరు, మతాలు వేరు. జరిగిన తీరు మాత్రం అచ్చం ఒకటే. మొదట ఒక నేరం, లేదా నేరం జరిగిందన్న మాట. తర్వాత రుజువు లేని ఒక పేరు. ఆ పేరు వెనక ఒక మతం. చివరికి ఆ మతం వాళ్ల ప్రార్థనా మందిరం. ఈ నాలుగు మెట్లు ఎక్కడానికి సౌత్‌పోర్ట్‌లో ఒక రోజు పట్టింది. జరాన్‌వాలాలో పూట కూడా పట్టలేదు.

భవనమే ఎందుకు?

కోపం మనిషి మీద కదా, మరి గోడల మీద ఎందుకు చూపిస్తారు? దీనికి సమాధానం సులువే. ఒక మతం వాళ్లందరికీ కలిపి ఊళ్లో ఒక అడ్రస్ ఉందంటే అది ప్రార్థనా మందిరమే. నిందితుడి ఇల్లు గుంపుకు తెలియదు. తెలిసినా అక్కడ పోలీసులుంటారు. మసీదు మినార్, చర్చి శిలువ, గుడి గోపురం మాత్రం దూరం నుంచే కనిపిస్తాయి. రాత్రిపూట అక్కడ ఎవరూ ఉండరు. ఉన్నా ఒక ముసలి ముఅజ్జినో, ఒక కాపలాదారో ఉంటారు. తిరిగి కొట్టే చేయి ఉండదు.

లెక్కల భాషలో చెప్పాలంటే ఇది ఒకరి ఖాతాలోని అప్పును వేరొకరి ఖాతాలో రాసి వసూలు చేయడం. ఏ బ్యాంకు మేనేజరైనా అలా చేస్తే ఉద్యోగం పోతుంది. గుంపు చేస్తే మాత్రం "జనం ఆగ్రహం" అని పేరు పెట్టి సర్దుకుంటాం.

దాడి చేసినవాళ్లకు కూడా ఈ సంగతి లోలోపల తెలుసు. అందుకే చాలాచోట్ల కెమెరాలు పగలగొడతారు, ముఖాలకు గుడ్డలు కట్టుకుంటారు. నిజంగా మతం కోసం చేసే పని అనుకుంటే ముఖం దాచుకోవడం దేనికి?

అన్ని మంటల వెనకా ద్వేషమే ఉండదు

ప్రతి దాడినీ ఒకే గాటన కట్టేస్తే అర్థం చేసుకోవడం కష్టం. కొన్ని దాడులు పచ్చి ద్వేషంతోనే జరుగుతాయి. 2017 జనవరి 28న అమెరికా టెక్సస్‌లోని విక్టోరియా పట్టణంలో మసీదు తగలబడింది. ముస్లిం దేశాల నుంచి ప్రయాణాలపై ట్రంప్ నిషేధం ప్రకటించి అప్పటికి కొన్ని గంటలే. నిప్పుపెట్టిన వ్యక్తికి ద్వేషపూరిత నేరం కింద 24 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

2019లో లూసియానా రాష్ట్రంలో పది రోజుల్లో మూడు నల్లజాతీయుల చర్చిలు కాలిపోయాయి. జాతి ద్వేషమే అని అందరూ అనుకున్నారు. దొరికింది 21 ఏళ్ల కుర్రాడు. ఒక రకం రాక్ సంగీతం పిచ్చిలో, ఆ సర్కిల్‌లో తనకు పేరు రావాలని చేశానని ఒప్పుకున్నాడు. 25 ఏళ్ల జైలుశిక్ష పడింది. మూడు చర్చిలకు కలిపి సుమారు 26 లక్షల డాలర్లు చెల్లించాలని కోర్టు ఆదేశించింది. నూరేళ్లకు పైబడిన చర్చిలు ఒక కుర్రాడి పేరు పిచ్చికి బూడిదయ్యాయి.

2016లో ఆర్కన్సాలోని ఫోర్ట్ స్మిత్‌లో మసీదు గోడల మీద చెత్త రాతలు రాసినవాళ్లు తాగిన మత్తులో ఉన్న స్నేహితులు. వాళ్లలో ఒకడు జైలు నుంచే క్షమాపణ ఉత్తరం రాశాడు. మసీదు పెద్దలు క్షమించారు. తర్వాత అతని జరిమానా బాకీ కూడా మసీదే కట్టింది.

అంటే ద్వేషం, రాజకీయం, స్థలం తగాదా, పాత కక్ష, పేరు పిచ్చి, మద్యం.. వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఆ కారణం ఏమిటో దర్యాప్తులో తేలడానికి వారాలు పడుతుంది. గుంపు ఆ వారాల పాటు ఆగదు. అసలు సమస్య అక్కడే ఉంది.

తెలుగు నేల మీద

ఇలాంటివి ఎక్కడో దూరదేశాల్లోనే జరుగుతాయనుకుంటే పొరపాటు. 2020 సెప్టెంబర్ మొదటి వారంలో తూర్పుగోదావరి జిల్లా అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి రథం రాత్రికి రాత్రి కాలిపోయింది. భక్తుల బాధ న్యాయమైనదే. కానీ నిప్పు ఎలా అంటుకుందో తేలకముందే నిరసనలు వేడెక్కాయి. ఆ వేడిలో ఆ ఊళ్లోని చర్చి మీద రాళ్లు పడ్డాయి. రథానికి, ఆ చర్చికి సంబంధం ఉందని అప్పటికి ఎవరి దగ్గరా ఒక్క ఆధారమూ లేదు. రాష్ట్ర ప్రభుత్వం కేసును సీబీఐకి అప్పగించాలని కోరింది. కొత్త రథం తయారైంది.

2024 అక్టోబర్ 14 తెల్లవారుజామున సికింద్రాబాద్ కుమ్మరిగూడలోని ముత్యాలమ్మ గుడిలో విగ్రహాన్ని ధ్వంసం చేశారు. స్థానికులు ఒక వ్యక్తిని పట్టుకున్నారు. అతను ముస్లిం, వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాడని పోలీసులు చెప్పారు. ఐదు రోజుల తర్వాత నిరసన ఉద్రిక్తంగా మారి లాఠీచార్జి దాకా వెళ్లింది. బోనాలకు కూడలి అయిన సికింద్రాబాద్‌లో ముత్యాలమ్మ అంటే ఇంటి దేవత లాంటిది. ఆ బస్తీ ఆడవాళ్లకు కలిగిన బాధ ఎలాంటిదో, తమ మసీదులో ఖుర్ఆన్‌కు అవమానం జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకుంటే తెలుస్తుంది.

ఇలాంటి ప్రతి ఘటన తర్వాత రెండు మాటలు వినిపిస్తాయి. నిందితుడు మనవాడైతే "మతిస్థిమితం లేదంట" అంటాం. ఎదుటివాడైతే "పక్కా కుట్ర" అంటాం. హిందువులూ అంతే, ముస్లింలూ అంతే, క్రైస్తవులూ అంతే. ఒక్కోసారి ఈ రెండింటిలో ఏదో ఒకటి నిజమే కావచ్చు. కానీ అది చెప్పాల్సింది డాక్టరు, దర్యాప్తు అధికారి, కోర్టు. కాలనీ గ్రూపు కాదు.

మన మసీదు మీద రాయి పడితే "అయితే.." అనకుండా ఖండించాలని మనం కోరుకుంటాం. ముత్యాలమ్మ గుడి విషయంలో, జరాన్‌వాలా చర్చిల విషయంలో మన నోటి నుంచి కూడా "అయితే.." రాకూడదు. న్యాయం అడగడానికి మనకున్న హక్కు దాని మీదే నిలబడుతుంది.

దీన్ ఏం చెబుతోంది?

ఈ విషయంలో ఖుర్ఆన్ బోధన చాలా స్పష్టంగా ఉంది. సూరా హజ్ 40వ ఆయత్‌లో మసీదులతో పాటు మఠాలు, చర్చిలు, యూదుల ప్రార్థనాలయాల ప్రస్తావన ఒకే వరుసలో వస్తుంది. అవి కూలిపోకుండా ఉండటం అల్లాహ్ ఏర్పాటు అని ఆ ఆయత్ భావం. సూరా అన్‌ఆమ్ 108వ ఆయత్ ఇతరులు ఆరాధించే వాటిని దూషించవద్దని ఆపుతుంది. సూరా హుజురాత్ 6వ ఆయత్ అయితే వాట్సాప్ కాలానికే చెప్పినట్టుంటుంది. నమ్మదగని మనిషి వార్త తెస్తే ముందు నిర్ధారించుకోవాలి, లేకపోతే తెలియక కొందరికి హాని చేసి తర్వాత కుమిలిపోవాల్సి వస్తుందన్నది దాని సారాంశం. జరాన్‌వాలాలో ఆ ఉదయం ఈ ఒక్క ఆయత్‌ను మైకులో చదివి ఉంటే చాలు.

హజ్రత్ ఉమర్ (ర) జెరూసలేం వెళ్లినప్పటి కథనం చాలా ఇళ్లలో పిల్లలకు చెబుతారు. నమాజ్ వేళ అయితే చర్చిలోనే చదువుకోమని పాద్రీ అన్నారట. ఉమర్ ఒప్పుకోలేదు. తాను అక్కడ నమాజ్ చదివితే, తర్వాత ముస్లింలు అదే కారణంగా చర్చిని తీసుకుంటారేమోనని బయటికి వచ్చి చదివారని చరిత్రకారులు రాశారు. పక్కవాడి ప్రార్థనా మందిరానికి రేపు కలగబోయే హానిని కూడా ముందే ఆలోచించిన పాలకుడాయన.

బిల్లు ఎవరు కట్టాలి?

మంటలు ఆరాక మిగిలే అసలు ప్రశ్న ఇది. 2020 డిసెంబర్ 30న పాకిస్తాన్‌లోని కరక్ జిల్లా తేరీ గ్రామంలో హిందువుల పరమహంస మహారాజ్ సమాధి మందిరాన్ని గుంపు తగలబెట్టింది. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి గుల్జార్ అహ్మద్ తానే కేసు చేపట్టారు. మందిరాన్ని మళ్లీ కట్టాలని, 3 కోట్ల 30 లక్షల పాకిస్తానీ రూపాయల ఖర్చును నిందితుల నుంచే వసూలు చేయాలని ఆదేశించారు. 2021 దీపావళి వేడుక అక్కడే జరిగింది. ఆయన స్వయంగా హాజరయ్యారు.

జరాన్‌వాలాలో అలా జరగలేదు. బాధిత కుటుంబాలకు 20 లక్షల రూపాయల చొప్పున చెక్కులిచ్చారు. కానీ శిక్షల మాటేంటి? ఏడాది తర్వాత ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ బయటపెట్టిన లెక్క ప్రకారం నిందితులు 5,213 మంది, అరెస్టయినవాళ్లు 380 మంది. అప్పటికి ఒక్కరికీ శిక్ష పడలేదు. బ్రిటన్‌లో సౌత్‌పోర్ట్ గొడవ జరిగిన ఎనిమిదో రోజే కోర్టు జైలుశిక్షలు వేయడం మొదలుపెట్టింది. రాయి విసిరినవాడికి వారంలో శిక్ష పడితే, విసరాలనుకునేవాడి చేయి వెనక్కి పోతుంది. ఐదు వేల మందిలో ఒక్కడికీ పడకపోతే, తర్వాతి గుంపుకు భరోసా దొరుకుతుంది.

మన దేశంలో ఏంటి పరిస్థితి? 2002 గుజరాత్ అల్లర్లలో దెబ్బతిన్న 500కు పైగా ప్రార్థనా స్థలాలకు పరిహారం ఇవ్వాలని 2012లో గుజరాత్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టింది. ఒక్కో కట్టడానికి గరిష్ఠంగా 50 వేల రూపాయల సాయం అన్న రాష్ట్ర ప్రభుత్వ పథకాన్ని ఆమోదించింది. ఈరోజు 50 వేలకు ఒక వుజూఖానా నల్లాలు, టైల్స్ కూడా పూర్తికావు.

చట్టం లేదని కాదు. ప్రార్థనా స్థలాన్ని అవమానించే ఉద్దేశంతో ధ్వంసం చేస్తే భారతీయ న్యాయ సంహిత 298 సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు. నిప్పుపెట్టి నాశనం చేస్తే 326 సెక్షన్ కింద పదేళ్ల వరకు, అవసరమైతే యావజ్జీవం. ఈ రెండో సెక్షన్ ఎఫ్‌ఐఆర్‌లో పడిందా లేదా అన్నది చాలామంది చూసుకోరు. "గుర్తుతెలియని వ్యక్తులు" అన్న మాట దగ్గరే చాలా కేసులు ఆగిపోతాయి.

కమిటీలు, కుటుంబాలు చేయగలిగేవి

మసీదు కమిటీలు ముందే చేసిపెట్టుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. స్థలం పత్రాలు, వక్ఫ్ రికార్డు నకళ్లు మసీదు బయట ఇంకొక చోట కూడా ఉండాలి. లోపలి సామాన్లకు ఫొటోలతో జాబితా రాసుకోవాలి. కెమెరా ఉంటే దాని రికార్డింగ్ వేరేచోట కూడా భద్రం కావాలి. కెమెరాతో పాటు రికార్డింగ్ పెట్టె కూడా కాలిపోతే ప్రయోజనం లేదు. అగ్నిప్రమాద బీమాల్లో అల్లర్ల నష్టం కూడా కవర్ అయ్యే పాలసీలు ఉన్నాయి. తీసుకోవాలా వద్దా అన్నది ఉలమాను అడిగి నిర్ణయించుకోవచ్చు. ఘటన జరిగితే శుభ్రం చేసే ముందు ఫొటోలు, పంచనామా. ఆ తర్వాతే చీపురు.

వీటన్నిటికంటే పెద్ద రక్షణ ఇరుగుపొరుగు. సౌత్‌పోర్ట్‌లో మర్నాడు పొద్దున్నే ముస్లిమేతర స్థానికులు చీపుర్లు పట్టుకుని వచ్చారు. తాపీమేస్త్రీలు కూలిన మసీదు గోడను మళ్లీ కట్టారు. చనిపోయిన ఒక పాప తల్లి ఆ రాత్రే హింస ఆపమని వేడుకుంది. విక్టోరియాలో మసీదు కాలిపోగానే యూదుల సంఘం తమ ప్రార్థనాలయం తాళాలు తెచ్చి ముస్లింల చేతిలో పెట్టింది. జరాన్‌వాలాలో కొన్ని ముస్లిం కుటుంబాలు క్రైస్తవులను తమ ఇళ్లలో దాచాయి. ఈ పరిచయాలు మంట అంటుకున్న రోజు పుట్టేవి కావు. ముందే ఉండాలి. ఇఫ్తార్‌కు పక్క గుడి పూజారిని పిలవడం, బోనాల ఊరేగింపు వెళ్తుంటే మంచినీళ్లు ఇవ్వడం మన దగ్గర కొత్తేమీ కాదు. ఫొటో కోసం చేసేది వేరు, ఫోన్ నంబరు దగ్గరుండేలా చేసేది వేరు. రాత్రి పన్నెండింటికి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి అటువైపు ఒకరు ఉండాలి.

2024 ఆగస్టు 2న లివర్‌పూల్‌లోని అబ్దుల్లా క్విలియం మసీదు ముందు నిరసనకారులు గుమిగూడారు. సౌత్‌పోర్ట్ అల్లర్లు జరిగి అప్పటికి మూడు రోజులే. ఇమాం ఆడమ్ కెల్విక్ బర్గర్లు, చిప్స్, కూల్‌డ్రింకులు పట్టుకుని రోడ్డు దాటి వాళ్ల దగ్గరికి వెళ్లారు. కొందరు తీసుకోలేదు. కొందరు తీసుకున్నారు, మాట్లాడారు, ఒకరిద్దరు ఆయన్ను కౌగిలించుకున్నారు కూడా. ఆ రాత్రి ఆ మసీదు క్షేమంగా ఉంది. పోలీసులున్నారు, మసీదుకు అండగా వందల మంది స్థానికులూ వచ్చారు. అన్నీ కలిసి పనిచేశాయి.

అందరి దగ్గరా అంత ధైర్యం ఉండకపోవచ్చు. కానీ ప్రతి ఇంట్లో ఒక ఫోన్ ఉంది. రాత్రి పదకొండు గంటలకు "మన ఖుర్ఆన్‌ను కాల్చారంట", "మన మసీదు మీద పడ్డారంట" అన్న వీడియో వచ్చినప్పుడు, అది ఏ ఊరిది, ఏ సంవత్సరానిది, ఎవరు తీశారు అని అడగడానికి ఐదు నిమిషాలు చాలు. జవాబు దొరకకపోతే అది అక్కడే ఆగాలి. నిజమైతే వెళ్లాల్సింది పోలీస్ స్టేషన్‌కు, కమిటీ పెద్దల దగ్గరికి. గ్రూపుకు కాదు.

జరాన్‌వాలాలో ఆ ఐదు నిమిషాలు ఎవరూ ఆగలేదు. అక్కడి బూడిదలో బైబిళ్లతో పాటు ముస్లింల పరువు కూడా ఉంది.